వైవాలో నేనడిగిన ప్రశ్న

ఎనిమిదో తరగతి సగంలో బడికి దండం పెట్టేసిన నేను, ఇప్పటికీ కొత్తవాళ్లు కనిపిస్తే “పిహెచ్‌డి పరీక్షలో కూర్చున్నవాణ్ణి” అని చెప్పుకుంటాను. అబద్ధమేమీ కాదు. కూర్చున్నది వెనక బెంచీలో, భోజనం క్యారేజీలకు కాపలాగా, అంతే.

ఆ రోజుల్లో మా ఇంట్లో థీసిస్ అన్న మాట మందు లేని జబ్బు పేరులా వినిపించేది. మా చెల్లి రాసేది, గైడు గారు ఎర్రగీతలు పెట్టేవారు, మళ్లీ రాసేది. (ఎంతవరకు వచ్చిందని అడిగితే కంచం ముందు నుంచి లేచిపోయేది. నేను రోజూ అడిగేవాణ్ణి.) మా భావనపాడు మగవాళ్లు గుజరాత్ పడవల మీద చేపల వేటకు ఎందుకు పోతున్నారన్నది ఆమె పరిశోధన. మా నాన్న అప్పుడక్కడే ఉన్నాడు. “నాన్నకి ఫోన్ సేసి అడిగితే నిమిషంలో తేలిపోద్ది కదే!” అనేవాణ్ణి. నవ్వేది కాదు. నెలాఖరులోగా డిగ్రీ కాగితం చూపిస్తే ఓ కాలేజీలో ఉద్యోగం ఖాయం. అది వస్తే నాన్నను ఇంటికి రప్పించేద్దామని దాని ఆశ.

వైవా, అంటే ఆ నోటి పరీక్ష, చివర్లో సభలోంచి ఎవరైనా ప్రశ్న అడగాలట. ఎవరూ నోరెత్తకపోతే చిన్నతనం కాబట్టి, ముందే ఒకరికి ప్రశ్న నేర్పి కూర్చోబెట్టడం ఆనవాయితీ. ఆ పని ఒప్పుకున్న స్నేహితురాలి రైలు కొత్తవలసలో ఆగిపోయింది. చెల్లి నా దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

“ఒరే అన్నియ్యా, ‘మీ పరిశోధనకున్న పరిమితులేమిటి’ అని అడుగు. ఇంకేటీ మాటాడకు.”

జపంలా వల్లించాను. ఈలోగా తెర మీద ఓ గీత పైకి లేచింది. ఊరొదిలి వెళ్లిన వాళ్ల లెక్కట. అందులో నాన్న ఎక్కడున్నాడా అని వెతుకుతూ నా ప్రశ్న మర్చిపోయాను. “ప్రశ్నలేమైనా ఉన్నాయా?” అనగానే లేచి, నోటికొచ్చింది అడిగేశాను.

“అమ్మా, ఇదంతా రాసినావు కదా, మనోళ్లు ఇక ఎల్లడం మానేత్తారేటి?”



“మానరు,” అని చెల్లి తన కాగితాలు తిరగెయ్యడం మొదలెట్టింది.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు తీసి, “చాలా మంచి ప్రశ్న. మీది ఏ విభాగమండీ?” అన్నాడు.

“భోజనాల విభాగమండీ.”

చెల్లి తప్ప అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆయన, ఎందుకు మానరో ఒక అధ్యాయం రాసి తెస్తే అప్పుడు సంతకం పెడతానన్నాడు. చెల్లి గైడు గారి వైపు చూసింది, గైడు గారు నా వైపు చూశారు, నేను క్యారేజీల వైపు చూశాను.

అధ్యాయం పూర్తయ్యేసరికి ఆ ఉద్యోగంలో ఇంకెవరో చేరిపోయారు. నాన్న మరో వేటకాలం అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు చెల్లి వేరే కాలేజీలో పాఠాలు చెబుతోంది. నాన్న అరుగు మీద కూర్చుని దగ్గుతుంటాడు. మొన్న కబుర్లలో నా పాత గొప్ప బయటికి తీశాను. “నానే గానీ సదూకునుంటే, ఆ పరీక్షకుడి కుర్సీలో కూసుందును!”

చెల్లి నాన్నకు టీ గ్లాసు అందిస్తూ, నా వైపు తిరగకుండానే అంది.

“ఎనిమిదితో ఆపీసినోడివే నాకు ఒక అధ్యాయం పెంచినావు. పది పాసయ్యుంటే, నానింకా రాస్తానే ఉండేదాన్ని, నాన్నింకా ఆ పడవ మీదే ఉండేవోడు.”