బండి కింద కుక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే కోపిష్టిని నేనేనని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. అది అబద్ధం. అసలు కోపం మా మేనత్తది. బాపుకు సొంత అక్క. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, ఊళ్లో ఆడవాళ్లెవరూ చేయని పని చేసేది. ఎడ్లబండి తోలేది. చెరుకు కోతల కాలంలో బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి మా చెరుకంతా ఆమె బండి మీదే పోయేది. ఆడది బండి తోలడమేమిటని ఎవరైనా అంటే ఎడ్లను ఆపి మరీ జవాబు చెప్పేది. కానీ ఆమె కోపం నా కోపంలా ఇల్లంతా చిందేది కాదు. ఆ తేడా నాకు తెలిసింది మా మోతి వల్ల.

మోతి మా కుక్క. రాత్రిళ్లు బాపుతో చెరుకు తోటకు కావలి పోయేది. అడవి పందులు పడితే ఒక్క రాత్రిలో మడి మొత్తం తొక్కి పోతాయి, కాబట్టి మా ఇంట్లో కుక్కంటే ముచ్చటకు పెంచుకునేది కాదు, కూలి మనిషితో సమానం. పగలు మాత్రం అది నాది. నేను బాపుకు సద్ది పట్టుకొని కాలువ గట్టు వెంట పోతుంటే నా ముందు నడిచేది.

ఆ గట్టు మీదే ఒకనాడు మా ఊరి పటేలు నిలబడి ఉన్నాడు. పట్నం నుంచి తెప్పించుకున్న రెండు కుక్కలు గొలుసులతో ఆయన చేతిలో ఉన్నాయి. పక్కన ఇద్దరు స్నేహితులు. నన్ను చూశాడు, మోతిని చూశాడు, స్నేహితులతో ఏదో అని నవ్వి గొలుసులు ఇప్పాడు. అంతే. అవి రెండూ మోతి మీద పడ్డాయి. నేను అరుస్తున్నాను, సద్ది మూట విసిరికొట్టాను, వాళ్లు నవ్వుతూనే ఉన్నారు. మోతి మెడ దగ్గర తోలు చీలింది, ఒక చెవి సగం తెగింది. ఆయన నింపాదిగా కుక్కలను పిలుచుకొని, “కుక్కలన్నంక కొట్లాడుకుంటయి పిల్లా” అన్నాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నా పళ్లు బిగుసుకుంటున్నాయి.

బాపు గొడ్డలి పట్టుకొని పోతాడనుకున్నాను. బాపు పోలేదు. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా మడికి ఎప్పుడు రావాలో చెప్పేది ఆ పటేలే. నూనెలో పసుపు కలిపి మోతి గాయాలకు పూసి, కుక్క కోసం పెద్దోళ్లతో కొట్లాట పెట్టుకుంటామా అన్నాడు. పటేలు మీద వచ్చిన కోపానికి బాపు మీది కోపం తోడైంది.

పసుపుకు గాయాలు మానాయి. భయం మానలేదు. వాడ చివర ఏ కుక్క కనబడినా మోతి పొట్ట నేలకు ఆనించి పాకుతూ పోయి ఇంట్లో వడ్లు పోసే గుమ్మి వెనక దూరేది. గడప దాటేది కాదు. బాపు లాక్కుపోతే తోట దాకా పోయేది గానీ దూరాన నక్క కూసినా తిరిగి ఇంటికి ఉరికి వచ్చేది. మా అవ్వ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి మెడకు కట్టింది. బాపు మందు వేరు. దెబ్బకు దెయ్యం దిగుతుందని ఆయన నమ్మకం. ఆదివారం మటన్ దుకాణం దగ్గర ఊరి కుక్కలన్నీ చేరతాయి కదా, వాటి నడుమ గుంజకు కట్టేస్తే భయం అదే పోతుందన్నాడు. కట్టేశాడు కూడా. నేను పోయి విప్పేసరికి మోతి తాడు కొరికీ కొరికీ నోరంతా నెత్తురు చేసుకుంది. ఆనాటి నుంచి బాపు చెయ్యి చూసినా వణికేది. ఇక లాభం లేదు, చెరుకు అయిపోగానే మంజీర నది అవతల విడిచి వస్తానని బాపు తేల్చేశాడు. కావలి కాయని కుక్కకు బువ్వ దండగ అన్నాడు.

అప్పుడు నేను కావలికి దిగాను. లంగా ఒడి నిండా రాళ్లు నింపుకొని గడపలో కూర్చునేదాన్ని. మా వాడలోకి ఏ కుక్క వచ్చినా, కుంటిదైనా పిల్లదైనా సరే, అరుపు, రాయి. గురి కూడా బాగా కుదిరింది. నేను చేస్తున్నది న్యాయమని నాకు ఏ అనుమానమూ లేదు.

ఒక మధ్యాహ్నం మా అత్త అరుగు మీద తంబాకు నలుపుకుంటూ చూస్తోంది. మోతి ఇంట్లో నిద్రపోతోంది. వీధి మొదట్లో ఒక ముసలి కుక్క కనబడింది. నేను లేచి అరిచి రాయి వేశాను. మోతి అదిరిపడి లేచి గుమ్మి వెనక్కి ఉరికింది. అత్త తంబాకు నోట్లో వేసుకొని అన్నది:

“అది గా కుక్కను సూడనే లేదు. నిన్ను సూసి ఉరికింది.”

నాకు మండిపోయింది. దాన్ని కాపాడుతున్నది నేనొక్కదాన్నే కదా, నన్నే అంటుందా అని అత్తతో మాట్లాడడం మానేశాను. ఆమె బతిమాలలేదు. నేరుగా బాపు దగ్గరికి పోయి, “తమ్మీ, చెరుకు అయ్యేదాక గా కుక్క నాది. నువ్వు తాకకు” అన్నది. ఆమె మాటకు బాపు ఎదురు చెప్పే రోజులు కావవి.

మా వైపు బండ్లవాళ్ల కుక్కలు బండి కిందే నడుస్తాయి. ఎండ తగలదు, రెండు పక్కలా చక్రాలు, ముందర ఎడ్లు, నెత్తిన చెరుకు. తెల్లారగానే అత్త మోతిని చంకనేసుకొని తెచ్చి ఇరుసుకు పొట్టి తాడుతో కట్టింది. వెనక భాగాన పాత గోనెసంచి పరదాలా వేలాడదీసింది. నన్ను ఎక్కించి చెరుకు మీద కూర్చోబెట్టింది. రాళ్లు పారబోయించింది. నా పనల్లా దూరాన కుక్క కనబడితే నెమ్మదిగా చెప్పడం. అరవకూడదు. నేను చెప్పగానే బండి పక్కన నడుస్తున్న అత్త జొన్నరొట్టె ముక్క తుంచి చక్రాల నడుమ వేసేది. పై నుంచి నాకు మోతి కనబడేది కాదు, మోతికి నేనూ కనబడేదాన్ని కాదు. అత్త నన్ను పైన ఎక్కించింది అందుకేనని అప్పట్లో తెలియలేదు.

ఇంకో పని చేసింది. బండ్లన్నీ వరుసగా పోతుంటే తన బండిని అందరికంటే వెనక పెట్టింది. ఫ్యాక్టరీ దగ్గర ముందు చేరినవాళ్ల చెరుకు ముందు దిగుతుంది, వెనకబడితే పూటంతా ఎండలో కాచుకోవాలి. బాపు గొణిగాడు. అత్త ఆయనకు జవాబివ్వలేదు గానీ నాకు చెప్పింది. “ఎదురొచ్చే కుక్క కొట్లాటకు వచ్చినట్టు అనిపిస్తది. ముంగట పోయే కుక్క తొవ్వ సూపినట్టు అనిపిస్తది.” నిజంగానే మోతికి కనబడేవన్నీ ముందు బండ్ల కింద నడిచే కుక్కల తోకలే. పోగా పోగా గోనెసంచిని కొంచెం కొంచెం పైకి చుట్టింది. కొన్నాళ్లకు మా వెనక కూడా ఒక బండిని రానిచ్చింది.

తోటి బండ్లవాళ్లు నవ్వారు. బండి కింద కుక్క బండిని తానే మోస్తున్నాననుకుంటుందట, మీ కుక్క కూడా గట్లనే ఉందన్నారు. అనుకుంటే అనుకోనీ, దానికి కావలసింది అదేనని అత్త కొట్టిపారేసింది.

ఫ్యాక్టరీ ఆవరణలో ఎడ్లను విప్పి కాచుకొని ఉన్నామొక పూట. మొలాసిస్, అదే చెరుకు మడ్డి, వాసన ముక్కుపుటాలు అదిరేలా కొడుతోంది. పక్క బండి కింది నుంచి ఒక ముసలి ఆడకుక్క లేచి వచ్చి, మా చక్రం దగ్గర, మోతి వైపు వీపు పెట్టి పడుకుంది. నా గొంతులోకి అరుపు వచ్చేసింది. అత్త నా మణికట్టు పట్టుకుంది, గట్టిగా. మోతి వణికింది. చాలాసేపు వణికింది. తర్వాత మెడ చాచి ఆ ముసలిదాని తోకను వాసన చూసింది, అది కదలలేదు. మోతి కూడా తల నేలకు ఆనించి పడుకుంది. నాకు ఏడుపొచ్చింది. అత్త మణికట్టు వదిలి ఎడ్లకు నీళ్లు పెట్టడానికి పోయింది.

మా చివరి బండి చెరుకు పటేలు ఇంటి ముందు నుంచే పోయింది. ఆయన గేటు దగ్గర పనివాళ్లతో నిలబడి ఉన్నాడు. ఆ రెండు కుక్కలు గొలుసులు తెంచుకునేలా మొరిగాయి. అప్పటికే అత్త తాడు కట్టడం మానేసింది, కాబట్టి మోతి ఎటైనా ఉరికి ఉండవచ్చు. నేను వంగి చూశాను. తోక కాళ్ల నడుమ పెట్టుకొని చక్రానికి దగ్గరగా జరిగింది గానీ నడుస్తూనే ఉంది. పటేలు నవ్వి, “బండి కింద దాసుకొని తీస్కపోతున్నరా మీ పులిని” అన్నాడు. పనివాళ్లూ నవ్వారు. నేను మోపులోంచి ఒక చెరుకు గడ లాగి ఆ కుక్కల మీదికి ఎత్తాను.

అత్త ఎడ్లను ఆపింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు. అంగట్లో సరుకు చూపించినట్టు పటేలు చేతిని వేలితో చూపిస్తూ, ఆయనతో కాదు, నాతో మాట్లాడింది.

“సక్కగ సూడు బిడ్డా. గా కుక్కలకు మనతోని పగ లేదు. గొలుసు ఇప్పింది గీ చెయ్యి. కోపం పెట్టుకుంటె గీడ పెట్టుకో.”

పనివాళ్ల నవ్వు ఆగిపోయింది. పటేలు తన చేతిని తాను ఒకసారి చూసుకున్నాడు, అది నేను కళ్లారా చూశాను. అత్త ఎడ్లను అదిలించింది. నా చేతిలోని గడ ఎప్పుడు కిందికి దించానో నాకే తెలియదు.

దానికి ఫలితం అనుభవించాం. ఆ ఏడు కాలువ నీళ్లు మా మడికి అందరికంటే ఆఖరున వచ్చాయి, సగం పంట ఎండిపోయింది. బాపు చాలా రోజులు అక్కతో ముభావంగా ఉన్నాడు. కానీ చెరుకు అయిపోయినా మంజీర మాట ఎత్తలేదు. ఒక సాయంత్రం కంబళి భుజాన వేసుకొని గడపలో నిలబడి మోతిని పిలిచాడు. అది కాసేపు ఆయన చేతిని చూసి, లేచి వెంట పోయింది.

పటేలు పోయి చాలా ఏళ్లయింది. ఆయన మీద నా కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. పెద్దయ్యాక నా మీద మొరిగినవాళ్లు తక్కువేమీ కాదు. ఆఫీసు కిటికీ వెనక గుమాస్తాలు, ఆస్పత్రి వాకిట్లో కాపలావాళ్లు, పక్కింటివాళ్లు, ఒక్కోసారి నా కన్నపిల్లలు. రక్తం అప్పటిలాగే సర్రున లేస్తుంది. అయితే నోరు విప్పేముందు ఒక్క క్షణం ఆగి, గొలుసు ఎవరి చేతిలో ఉందో వెతుకుతాను.