లైన్ల లక్ష్మీరాజం

లక్ష్మీరాజానికి లోకంలో ఉన్నది ఒకటే బలహీనత. లైను. నలుగురు మనుషులు ఒకరి వెనుక ఒకరు నిలబడి కనిపించారంటే ఆయన కాళ్లు వాటంతటవే పోయి ఆయనను ఐదోవాడిగా నిలబెడతాయి. ఆ లైను దేనికోసమో తర్వాత తీరిగ్గా కనుక్కుంటాడు. కనుక్కోవడం మరిచిపోయిన రోజులూ ఉన్నాయి.

ఈ సంగతి ఆయన బామ్మర్ది పోశన్నకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పోశన్నది చందూర్, వరి సేద్యం. అక్క అనసూయమ్మను చూడటానికి కంఠేశ్వర్‌లోని వాళ్లింటికి వచ్చినప్పుడల్లా "బావ ఏడి అక్కా?" అని అడగడం, "యాడుంటడు? ఏదో ఒక లైన్ల ఉంటడు" అని ఆమె విసుక్కోవడం మామూలే.

ఒకసారి అలా వెతుక్కుంటూ పోతే బావ దవాఖానాలో దొరికాడు. నర్సు సూదిలో మందు నింపుకుని సిద్ధంగా ఉంది.

"యాడ కరిచింది?"

"ఏంది కరిచేది?"

"కుక్క, పెద్దాయనా! ఇది కుక్క కరిచినోళ్ల లైను."

"నన్నేం కరువలేదమ్మా."

"మరెందుకు నిలబడ్డవ్?"

"లైను మంచిగ కదులుతున్నదని."

ఆ నర్సు పోశన్న వైపు చూసి, "కుక్క కాదుగానీ ఈయనను ఏదో గట్టిగనే కరిచింది, తోలుకపో" అంది.

నిలబడి ఊరుకుంటే ఫరవాలేదు. దానికో ఇంగ్లీషు పేరు కూడా పెట్టాలి ఆయనకు. ఆ పిచ్చి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర అంటుకుంది. వయసులో ఉన్నప్పుడు అక్కడ చెరకు బండ్లను వరుసలో పెట్టే పని ఆయనది. అబ్బ, ఏం రోజులవి! సీజను మొదలైతే బండ్ల బారు కనుచూపు దాటి పోయేది. ఎద్దుల మెడల్లో గంటలు, గాలి నిండా చెరకు మడ్డి వాసన, బండి కిందే పొయ్యి పెట్టుకుని రొట్టెలు కాల్చుకునే రైతులు. ఎక్కడి నుంచో వచ్చిన ఇంజినీరు ఒకాయన గేటు దగ్గర నిలబడి ఇంగ్లీషులో తిట్టేవాడు. ఆ తిట్లలోంచి లక్ష్మీరాజం తనకు కావలసిన మాటలు ఏరుకున్నాడు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, బండ్లు పోయాయి, మాటలు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయాయి.

"మనిషెనుక మనిషి నిలబడితే లైన్" అని చెప్పేవాడు పోశన్నకు, వద్దన్నా వినకుండా. "తాడు గట్టిన్రనుకో, అది క్యూ. కుర్చీలేసి కూసోబెడితే వెయిటింగ్. కూసోబెట్టి మరిచిపోతే పెండింగ్."

"అందరు ఒక్కపారే మీద పడితె?"

"గది రష్. దాని మొకం సూడొద్దు."

మేనకోడలు సుకన్య పెళ్లిలో పెళ్లికొడుకు పళ్లెం పట్టుకుని నేరుగా బిర్యానీ దగ్గరికి వచ్చాడు. లక్ష్మీరాజం చెయ్యి అడ్డం పెట్టాడు. "పెండ్లికొడుకువైతె ఏంది బిడ్డా? క్యూ క్యూనే. ఎనుకకు పో." పాపం, బాసికంతోనే చివరికి పోయి నిలబడ్డాడు. "మా ఆయన చెప్పిన మాట వినుడు గా రోజే నేర్చుకున్నడు" అని సుకన్య ఇప్పటికీ నవ్వుతుంది.

నవ్వు రానిది అనసూయమ్మకే. రేషన్ దుకాణం వీధి చివరే ఉంది. పొద్దున చాయ్ తాగి పోయిన మనిషి పొద్దుగూకినాక బియ్యంతో వస్తాడు. పక్కింటి నవతేమో అదే లైనులో నిలబడి ఇట్టే వచ్చేసి మళ్లీ బీడీలు చుట్టే చాట ముందేసుకుని కూర్చుంటుంది. "ఈయనకు అక్కడ ఎవరన్న జోడు దొరికిందా ఏంది?" అని అనసూయమ్మ అనుమానం.

ఈ వానాకాలం మాత్రం పోశన్నకూ నవ్వు పోయింది. నాట్లు వేసిన వరి పచ్చదనం పోయి పసుపు తిరుగుతోంది. ఇప్పుడు యూరియా పడకపోతే పిలకలు రావు, ఏడాది కష్టం గంగపాలే. ఊరికి దూరంగా ఉన్న ఎరువుల గోదాముకు లారీ వస్తే ఊరంతా అక్కడే. పోశన్న మోకాళ్లు చూస్తే కాసేపు నిలబడగానే మొరాయిస్తున్నాయి. అక్కకు ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాడు.

"మీ బావను తోలుకపో" అంది ఆమె. "గాయనకొచ్చిన ఇద్దె గదొక్కటే."

తెల్లవారి ఇద్దరూ గోదాముకు పోయేసరికి అక్కడ మనుషుల కంటే ముందు చెప్పులు నిలబడి ఉన్నాయి. గేటు నుంచి రోడ్డు దాకా జతల వెనుక జతలు. మధ్య మధ్య ఒక ఇటుక, ఒక నీళ్ల సీసా, ఒక హెల్మెట్టు. లక్ష్మీరాజం మొఖం వెలిగిపోయింది.

"ఓహో! స్టాండ్‌బై!"

"గదేంది బావా?"

"మనిషి జాగల మనిషి గానిది నిలబడ్డదనుకో, గది స్టాండ్‌బై." అంటూనే వంకరగా ఉన్న జతలను సర్దడం మొదలుపెట్టాడు. "ఏయ్, నా చెప్పులు ఎత్తుకపోతున్నవా?" అని ఎవరో అరిస్తే, "కాదన్నా, ఎడమది కుడికున్నది" అన్నాడు.

బావ లైనులో నిలబడ్డాడు. పోశన్న పాస్‌బుక్ పట్టుకుని రేకుల షెడ్డు కింద కూర్చున్నాడు. కౌంటరు దగ్గరికి రాగానే పోయి వేలిముద్ర వేయాలి, అంతే. ఎండ ముదిరింది. బావ ఇంచుమించు కౌంటరు దాకా పోయాడు. పోశన్న లేచి, మోకాళ్లు పట్టుకుని, కుంటుకుంటూ పోయి చూస్తే ఆ చోట ఎవరో ముసలమ్మ ఉంది. బావ ఎక్కడున్నాడయ్యా అంటే తోకకు!

"బావా! గిక్కడికెట్ల వస్తివి?"

"గా ముసలామె ఈరవ్వతోని జాగ మార్చుకున్న. ఇంటికాడ ముసలాయన మంచంల వడ్డడట. గంజి తాపాలె. నా జాగ ఆమెకు, ఆమె జాగ నాకు. నడిమిట్ల ఎవ్వలికి నష్టం లేదు."

"నాకు నష్టం గాదా?"

లక్ష్మీరాజం నాలుక కరుచుకున్నాడు. "నీ సంగతి యాదికి రాలేదురా పోశన్నా. అలవాటైపోయింది."

"రోజు గిదే పనా?"

"మరేం పనున్నది నాకు? రేషన్ కాడ నవత అసువంటి ఆడోళ్లుంటరు. నిలబడ్డంతసేపు బీడీల కూలి పాయె. ముంగటికి పోంగనే ఒకల్ని నా జాగల పెట్టి ఎనుకకు పోత. నాకు ఇంకోపారి నిలబడనీకి అయితది."

పొద్దుగూకి వచ్చే బియ్యం సంగతి పోశన్నకు అప్పుడు తెలిసింది. కోపం మాత్రం ఇంకా దిగలేదు.

"గిట్ల జాగ ఇచ్చి ఎనుకకు పోవుడును ఇంగ్లీషుల ఏమంటరో గది గూడ జెప్పు!"

"గది జెప్పకముందే ఇంజినీరు సారు బదిలీ అయిండు" అన్నాడు లక్ష్మీరాజం దిగులుగా.

వాళ్ల ముందు కొద్దిమంది ఉండగానే కౌంటరు కిటికీ మూశారు. స్టాకు అయిపోయింది. పోశన్న ఉన్నచోటే కూలబడ్డాడు. "నేనే ముంచితిని గదరా నిన్ను" అంటూ లక్ష్మీరాజం పక్కనే కూర్చున్నాడు. లైను చెదిరిపోతుంటే ఆయన అటువైపు చూడనైనా చూడలేదు.

ఇద్దరూ బయటికి వస్తుంటే గేటు పక్కన రెండు బస్తాల మీద కూర్చుని ఈరవ్వ కనబడింది.

"ఎంతసేపు కొడుకా! నీకోసమే కూసున్న. ముసలోడు గంజికని ఒర్రుతుండొచ్చు, ఒర్రనీ. మనిషికి రెండిచ్చిన్రు. నా మడికి ఒకటి సాలు. రెండోది నువ్విచ్చిన జాగది."

పోశన్న బస్తా ధర ఆమె కొంగులో పెట్టి, చేతులు రెండూ పట్టుకున్నాడు. ఒక్క బస్తాతో వరి మొత్తం కోలుకోదుగానీ, వచ్చే లారీ దాకా ప్రాణం నిలుపుకుంటుంది. కళ్లు తుడుచుకుంటూ, "బతికించినవ్ అవ్వా" అన్నాడు.

చందూర్ పోయే ఆటో వచ్చింది. ఈరవ్వ ఊరూ ఆ దారిలోనే. అప్పటికే నిండా జనం. రెండు బస్తాలు ఎక్కించాక ఒక్కరికే చోటు మిగిలింది. డ్రైవర్ భూమేష్ ఊరివాడే. "పోశన్నా, మోకాళ్ల నొప్పులోనివి, నువ్వు ఎక్కు" అన్నాడు.

పోశన్న ఒక కాలు లోపల పెట్టాడు. ఈరవ్వ వైపు చూశాడు. కాలు వెనక్కి తీశాడు.

"అవ్వా, నువ్వు కూసో. ముసలాయనకు గంజి తాపు. భూమేషూ, ఒక బస్తా మా ఇంటికాడ దించు, మా ఇంటామె రేణుకమ్మ ఉంటది. మేం ఎనుక ఆటోల వస్తం."

ఆటో పోయింది. లక్ష్మీరాజం బామ్మర్దిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. రోడ్డు మీద ఇంకెవరూ లేరు. ఇంకో ఆటో ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక.

"నిలబడు బావా" అన్నాడు పోశన్న మోకాళ్లు రుద్దుకుంటూ. "ముంగట నువ్వు."

"వద్దురా, నీ కాళ్లు బాగలెవ్వు. ముంగట నువ్వే."

కాసేపు వాదులాడుకుని, ఉన్న ఇద్దరే ఒకరి వెనుక ఒకరు నిలబడ్డారు.