కప్పు మార్చే వాక్ సరిమాన్

మలేషియాలోని మువార్ ఊళ్ళో వాక్ సరిమాన్ ఏ బల్ల దగ్గర కూర్చుంటే ఆ బల్ల ఓడిపోతున్నట్టు లెక్క. ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది ఫూ సియు హూన్. ఎందుకంటే ఆ బల్లలు ఆమెవి, వాటి మీది కాఫీ ఆమెది, వాక్ ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి కప్పు మోసుకెళ్తూ దారిలో ఒలకబోసే కాఫీ తుడవాల్సిందీ ఆమే.

హూన్ తండ్రి పెట్టిపోయిన ఆ కాఫీ కొట్టులో పొద్దున్నే రెండు పక్షాలు కొలువు తీరేవి. పంకా కింది బల్లకి పెద్ద తాన్ కిమ్ హాక్. ఇనుప సామాన్ల కొట్టు యజమాని. పన్ను వెయ్యకు, రాయితీ తియ్యకు, ఇదీ ఆయన సిద్ధాంతం. గుమ్మం పక్క బల్లకి పెద్ద జలీల్ మాస్టారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. దేశం పీకలదాకా అప్పులో ఉంది, ఖర్చు తగ్గించాలి, పన్ను కట్టాలి, ఇదీ ఆయన సిద్ధాంతం. ప్రభుత్వాలు మారేవి, మంత్రులు మారేవారు, వీళ్ళిద్దరి మాట మాత్రం మారేది కాదు. హూన్ ఏ పక్షమూ కాదు. కాఫీ కొట్టు నడిపేవాళ్ళకి పార్టీ ఉండకూడదని తండ్రి గట్టిగా చెప్పాడు. ఎవరడిగినా "నాది కాఫీ పార్టీ" అనేసి రొట్టెలు కాల్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయేది.

వాక్ సరిమాన్‌కి మాత్రం రెండు సిద్ధాంతాలూ సొంతమే. ఆయన ఇంటి పెద్దలు ఏనాడో జావా నుంచి వచ్చినవాళ్ళు, అలాంటి పెద్దమనుషుల్ని ఆ ఊళ్ళో వాక్ అని పిలుస్తారు. డెబ్బై దాటినా గొంతు తగ్గలేదు. పొద్దున ఎనిమిదింటికి పంకా కింద కూర్చుని బల్ల గుద్దేవాడు.

"ప్రభుత్వం అప్పు చేస్తే తప్పేంటంటా? మా సుతినా అప్పు చెయ్యకపోతే మా పిల్లలు బడి మొహం చూసేవాళ్ళా?"

తొమ్మిదింటికి పంకా కింద కుర్చీలు నిండిపోయేవి. అప్పుడు వాక్ పాలు లేని తన కాఫీ కప్పు సాసరుతో సహా ఎత్తుకుని, గుమ్మం పక్కకి వెళ్ళి, అదే చేత్తో అక్కడి బల్ల గుద్దేవాడు.

"అప్పు చేసి నడిపితే అదొక ఇల్లా? మా సుతినా ఒక్క రింగిట్ అప్పు లేకుండా ఐదుగుర్ని పెంచింది."

"ఇందాక అప్పు చేసిందన్నావు కదా వాక్?" అని కిమ్ హాక్ అవతలి నుంచి అందుకునేవాడు.

"ఇందాక నేనింకా కాఫీ తాగలేదు."

ఒకసారి ఆ సుతినాయే కాఫీ పొడి కొనుక్కోవడానికి వచ్చింది. రెండు బల్లలూ మాటలాపేసి ఆమె వైపు తిరిగాయి. "అక్కా, అసలు నువ్వు అప్పు చేశావా లేదా?" అని కిమ్ హాక్ అడిగేశాడు. సుతినా మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "చేశానో లేదో ఆయనకేం తెలుసు? డబ్బు సంగతి ఆయన చెవిన పడితే ఊరంతా తెలుస్తుందని పెళ్ళైన దగ్గర్నుంచీ చెప్పలేదు." పొడి పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది. వాక్ ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. "చూశారా, ఆర్థికమంత్రి అంటే అలా ఉండాలి" అని అందరికీ చూపించాడు.

ఈ కప్పు మార్చే జబ్బు ఎలా పట్టుకుందో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. వాక్ వయసులో ఉన్నప్పుడు ఏటి మీద జనాన్ని దాటించే పడవ నడిపాడు. అందరూ ఒక పక్కకి ఒరిగితే తను రెండో పక్కకి వెళ్ళి కూర్చునేవాడని, పడవ పోయినా అలవాటు పోలేదని మాస్టారి ఊహ. పోట్లాట లేకపోతే ఆయనకి తిన్నది అరగదని కిమ్ హాక్ తీర్పు. హూన్‌కి రెండోదే నిజమనిపించేది. నేల తుడిచే మనిషికి అంతకంటే మంచి ఆలోచన రాదు కూడా.

ఎన్నికలొస్తే వాక్‌కి గిరాకీ పెరిగేది. ఒక పార్టీ తరఫున తిరిగే కుర్రాడు ఓ రోజు కొట్టులోకి వస్తూనే, తమ వాళ్ళ బల్ల దగ్గర వాక్ కప్పు చూసి నీరుగారిపోయాడు.

"వాక్, మీ కాఫీ ఖర్చు నాది. దయచేసి ఆ బల్లకి వెళ్ళండి. మీరిక్కడుంటే మేం మునిగిపోయామని ఊరంతా అనుకుంటోంది."

"అక్కడ కుర్చీ ఖాళీ ఉందా?"

"లేదు."

"మరి ఇంకేం వెళ్తాను?" అని వాక్ సాసర్లోకి కాఫీ వంచుకున్నాడు. ఆ పార్టీ నిజంగానే మునిగింది.

బడ్జెట్ ప్రసంగం టీవీలో వచ్చిన మధ్యాహ్నమైతే మరీ విచిత్రం జరిగింది. ఆ రోజు రెండు బల్లల దగ్గరా సమానంగా జనం ఉన్నారు. వాక్ కప్పు పట్టుకుని నడిమధ్యన నిలబడిపోయాడు. అటు ఒకసారి, ఇటు ఒకసారి చూశాడు. "కూర్చోండి వాక్" అంది హూన్. "ఎక్కడ?" అన్నాడు దిగులుగా. ఆర్థికమంత్రి లోటు గురించి, కోతల గురించి చెప్పుకుపోతుంటే మొత్తం నిలబడే విన్నాడు. ప్రసంగం అయ్యేసరికి కాళ్ళు పీక్కుపోయి, సుతినాకి కబురు పంపి కొబ్బరినూనె రాయించుకున్నాడట.

ఆ తర్వాతి ఏడాది డీజిల్ మీద రాయితీ ఎత్తేశారు. తెల్లారేసరికి ధర ఎక్కి కూర్చుంది. వాక్‌కి కొబ్బరికాయలు సంతకి తోలే పాత డీజిల్ బండి ఒకటుంది. ఆ పొద్దున దాని కడుపు నింపించి తిన్నగా కొట్టుకొచ్చి పంకా కింద కూలబడ్డాడు. ఆయన తిట్లు విని, ఈసారి కోపం నాటకం కాదని హూన్‌కి అర్థమైంది. కొట్టులో ఉన్నవాళ్ళంతా అక్కడే చేరారు. రోజూ మాస్టారి పక్కన కూర్చునేవాళ్ళు కూడా కుర్చీలు అటే లాక్కున్నారు.

కాసేపటికి జలీల్ మాస్టారు వచ్చారు. గుమ్మం పక్క బల్ల మీద ఒక్క కప్పు కూడా లేదు. కూర్చున్నారు. హూన్ ఎప్పటిలాగే రెండు సగం ఉడికిన గుడ్లు తెచ్చి పెట్టింది.

"రండి మాస్టారూ, మీరు కోరుకున్నది జరిగింది" అన్నాడు కిమ్ హాక్. "మీకైతే నెల తిరిగేసరికి పెన్షన్ వస్తుంది. నా కొట్టుకి ఇసుక తోలే లారీవాడికి ఏమొస్తుంది? మీ లెక్కల పుస్తకం పంపిస్తారా?"

బల్ల చుట్టూ నవ్వారు. ఇంకో రోజైతే మాస్టారు సుద్దముక్క కోసం వెతుక్కునేంత ఊపుతో లేచేవారు. ఆ రోజు గుడ్ల మీద మిరియాల పొడి చల్లుకుంటూ ఉండిపోయారు. కిందటేడు ఉపవాసాల నెలకి ముందు ఆయన భార్య పోయింది. అప్పట్నుంచి హూన్ షట్టరు ఎత్తేసరికే వచ్చి మెట్ల మీద కూర్చుని ఉండేవారు. ఆయన రోజు మొత్తంలో మాట్లాడే మాటలన్నీ ఈ బల్ల దగ్గరివేనని హూన్‌కి తెలుసు. గుడ్లు సగంలో వదిలేసి ఆయన లేచారు.

"హూన్, రేపట్నుంచి నాకు గుడ్లు పెట్టకు."

ఆ మాట మెల్లగానే అన్నారు. హూన్ ఏదైనా అందామని నోరు తెరిచింది గానీ కాఫీ పార్టీకి అలాంటప్పుడు అనాల్సిన మాట ఒక్కటీ రాదు. అప్పుడే పంకా కింద కుర్చీ కిర్రుమంది. వాక్ సరిమాన్ కప్పు ఎత్తుకున్నాడు. అందరూ చూస్తుండగా కాఫీ ఒలకబోసుకుంటూ వచ్చి మాస్టారి ఎదురుగా కూర్చున్నాడు.

"రాయితీ తీసెయ్యడమే మంచిది" అన్నాడు.

"ఏంటీ?" కిమ్ హాక్ సగం లేచాడు. "నీది డీజిల్ బండి కాదూ?"

"డీజిల్ బండే. ఈ పొద్దునే నింపించా. గొంతులో చేపముల్లు దిగినట్టుంది."

"మరి ఇంతసేపూ ఇక్కడ కూర్చుని తిట్టిందెవర్ని?"

"అదంతా కాఫీ తాగకముందు. తీసెయ్యడమే మంచిది. ఎందుకు మంచిదో వీళ్ళకి చెప్పండి మాస్టారూ, నాకు సరిగ్గా రాదు."

మాస్టారు నిలబడే ఉన్నారు. "ఇప్పుడెందుకులే వాక్" అన్నారు.

"అయితే నేనే చెప్తా. దేశానికి అప్పుంది కాబట్టి డీజిల్ తక్కువ తాగాలి. మా సుతినా కూడా..."

"అది కాదు వాక్" అంటూ మాస్టారు కూర్చున్నారు. "డీజిల్‌కీ సుతినాకీ ఏమిటి సంబంధం? నువ్వు మొత్తం కలగాపులగం చేస్తున్నావు. రాయితీ సొమ్ములో ఎక్కువ భాగం ఎవరికి పోతోందో ముందు అది అడగాలి."

"ఎవరికి పోతోంది?" అని కిమ్ హాక్ ఎగిరిపడ్డాడు. అంతే, తగువు రాజుకుంది. మాస్టారి గొంతు బడి గొంతయింది. వాక్ మధ్యలో తప్పులు చెప్తూనే ఉన్నాడు, మాస్టారు దిద్దుతూనే ఉన్నారు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కలిసి పంకా కింది బల్ల మొత్తానికి జవాబు చెప్పారు. గెలిచారని కాదు. వెళ్ళేటప్పుడు మాస్టారు కౌంటరు దగ్గర ఆగారు.

"రేపు గుడ్లు ఇంకాస్త ముందే దించు హూన్. ఇవాళ గట్టిపడ్డాయి."

ఆయన వీధి మలుపు తిరిగాక హూన్ గుడ్డ తెచ్చుకుని, వాక్ ఒలకబోసిన దారంతా తుడుస్తూ ఆయన కాళ్ళ దాకా వచ్చింది.

"నిజం చెప్పండి వాక్. ఆ రాయితీ ఉండాలా, పోవాలా?"

"ఉండాలి. కిమ్ హాక్ చెప్పింది అక్షరాలా నిజం."

"మరి ఇటెందుకొచ్చారు?"

"అక్కడ పదిమంది ఉన్నారు కదమ్మాయ్. కిమ్ హాక్‌కి నాతో ఏం పని?"

హూన్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. పార్టీ కుర్రాడితో అన్న మాట, బడ్జెట్ రోజు నడిమధ్యన నిలబడ్డ కాళ్ళు, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇన్నేళ్ళూ ఈయన్ని వట్టి జగడాలమారి అనుకున్నందుకు సిగ్గేసింది. ఆ వెంటనే చెప్పలేనంత సంతోషమూ వేసింది.

"ఎవరితోనూ అనకు" అన్నాడు వాక్ చుట్టూ చూసి. "తెలిస్తే నేను పక్కన కూర్చోగానే జాలిపడ్డాననుకుంటారు. తగువు రుచి పోతుంది."

హూన్ ఎవరితోనూ అనలేదు. నేల తుడుస్తూ మునుపటిలాగే సణిగేది కూడా.

కొన్నాళ్ళకి తీపి పానీయాల మీద పన్ను పెంచుతారని వార్త వచ్చింది. ఆ ఒక్క వార్త ఎవరూ చెయ్యలేని పని చేసింది. డబ్బాలో వచ్చే గడ్డపాలు కలిపిన తియ్యటి కాఫీ లేకుండా జలీల్ మాస్టారికి పొద్దు గడవదు. "దేశం అప్పు తీర్చడానికి చక్కెరే దొరికిందా వీళ్ళకి?" అంటూ ఆయన కప్పుతో సహా పంకా కిందికి వచ్చేశారు. కిమ్ హాక్ లేచి కుర్చీ జరిపాడు. కొట్టంతా ఒకటే పక్షం. గుమ్మం పక్క బల్ల దగ్గర వాక్ సరిమాన్ ఒక్కడే ఉన్నాడు.

"పన్ను మంచిదే. మా సుతినా ఇంట్లో చక్కెర డబ్బా దాచేస్తుంది" అన్నాడు.

"వాక్, ఈసారి అక్కడెవరున్నారని?" కిమ్ హాక్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ మంత్రి ఉన్నాడు కదా. పాపం ఆయన తరఫున ఈ ఊళ్ళో ఎవరూ లేరు."

అందరూ తలా ఒక మాట విసిరారు. నీ కప్పులో మూడు చెంచాల చక్కెర ఎవరేసుకున్నారని ఒకరు, మంత్రి నీకు మేనల్లుడా అని ఇంకొకరు. వాక్ ఒక్కొక్కరికీ జవాబిస్తున్నాడు గానీ, గొంతు కాస్త బొంగురుపోయింది.

ఆ పన్ను పడితే అందరికంటే ఎక్కువ దెబ్బ హూన్‌కే. అయినా చేతులు తుడుచుకుంది. తన కోసం కాఫీ పోసుకుంది. కౌంటరు దాటి వెళ్ళి వాక్ ఎదురుగా కూర్చుంది. ఆ కొట్టులో ఆమె కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

"వాక్ చెప్పిందే కరెక్టు" అంది.

కిమ్ హాక్ నవ్వు ఆగిపోయింది. "హూన్, నీది కాఫీ పార్టీ కదా?"

"కాఫీ పార్టీ వాళ్ళు కూర్చోకూడదా?"

జలీల్ మాస్టారు కాసేపు హూన్‌ని చూశారు, వాక్‌ని చూశారు, తర్వాత ఆయన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీని చూశారు. గొంతు సవరించుకున్నారు. "లెక్క ప్రకారం ఆలోచిస్తే, చక్కెర మనకి మంచిది కాదనుకోండి" అంటూ కప్పు ఎత్తుకున్నారు. మాస్టారు వెళ్తే తగువు అక్కడే ఉంటుందని మిగతావాళ్ళూ ఒక్కొక్కరే కుర్చీలు లాక్కుంటూ వచ్చేశారు. పంకా కింద కిమ్ హాక్ ఒక్కడే మిగిలాడు. "పన్ను వెయ్యకూడదంతే" అని ఖాళీ బల్లకి చెప్తున్నాడు.

వాక్ చెయ్యి కప్పు మీదికి వెళ్ళింది.

"వాక్, కూర్చోండి" అంది హూన్. "నేనిప్పుడే వచ్చా."

ఆయన అప్పటికే లేచాడు. "చక్కెర మీద పన్నేంటి, అన్యాయం కాకపోతే" అంటూ, కాఫీ ఒలకబోసుకుంటూ పంకా కిందికి బయల్దేరాడు. హూన్ గుడ్డ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.