అందుకునే గొంతు

అసిరమ్మ మడి పక్కనుంచే రైలు పట్టాలు పోతాయి. పొద్దుటి పాసింజరు కోటబొమ్మాళి దాటి దక్షిణానికి వెళ్తుంటే ఆమె నడుం ఎత్తి చూసేది. చూడ్డానికి అందులో ఏమీ ఉండదు. కిటికీల్లో ఎవరివో మోచేతులు, తలుపు దగ్గర వేలాడే ఒక తువ్వాలు, వెనక కాసేపు నిలిచి విడిపోయే పొగ. ఆ బండి నెల్లిమర్ల మీదుగా పోతుందని ఆమెకు తెలుసు. నెల్లిమర్లలో కూర్మమ్మ ఉంది.

ఇద్దరూ ఒకే ఏడు ఆ ఊరికి కోడళ్ళుగా వచ్చారు. ఆ ఏటి వానలకి ఉభాలు, అంటే వరినాట్లు, మొదలైతే, వరి ఊడ్చడానికి మడిలో పక్కపక్కన వంగారు. ఉభాలు ముగిసేసరికి నేస్తం కట్టారు. ఆ వైపు నేస్తం కట్టడమంటే మాటవరసకి స్నేహం కాదు. అమ్మవారి ముందు పువ్వులు మార్చుకుని, నలుగురికీ బెల్లం పంచి కలుపుకునే వరస. ఆపైన ఒకరినొకరు పేరు పెట్టి పిలవరు. ఆమెకు ఈమె నేస్తం, ఈమెకు ఆమె నేస్తం.

ఉభాల పాటకి రెండు గొంతులు కావాలి. ఒకామె ఎత్తుతుంది, ఒకామె అందుకుంటుంది. తక్కిన ఆడవాళ్ళు చివరి మాట మీద కలుస్తారు. కూర్మమ్మ ఎత్తేది, అసిరమ్మ అందుకునేది. ఎత్తేవాళ్ళ మాటని అందుకునేవాళ్ళు నోట పెట్టరు. ఎంత బాగా తెలిసినా పెట్టరు. అది వాళ్ళది కాదు, అంతే.

వానలు మొహం చాటేసిన ఒక ఏడు కూర్మమ్మ మొగుడికి నెల్లిమర్ల జూటు మిల్లులో పని దొరికింది. "వొచ్చే ఉభాలకి వొచ్చీస్తాను నేస్తం" అని చెప్పి కూర్మమ్మ బండెక్కింది. వచ్చే ఉభాలకి ఆమె కడుపుతో ఉంది. ఆ తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఆ పిల్లల పెళ్ళిళ్ళు. ఇక్కడ మడిలో పాటెత్తడానికి వేరే ఆడవాళ్ళు వచ్చారు. అసిరమ్మ అందుకోవడం మానేసింది. అందరితో పాటు చివరి మాట మీద కలిసి ఊరుకునేది. నీళ్ళలో తన పక్కన ఎవరి నీడ పడినా ఒక్కసారి తలతిప్పి చూసేది.

వెళ్ళి చూసి రావచ్చు. అదే దారి, అదే బండి. కానీ కూర్మమ్మ చుట్టం కాదు. పెళ్ళి పిలుపు లేదు, చావు కబురు లేదు. సంసారం ఉన్న ఆడమనిషి రైలెక్కాలంటే ఒక పని ఉండాలి. చూడాలనిపించడం పని కాదు.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో పద్మకుమారి వచ్చింది. వాల్తేరులో ఎమ్మే చదువుతూ పనిపాటల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. కోటబొమ్మాళిలో పిన్నిగారింట్లో దిగి, చుట్టుపక్కల పల్లెలు తిరుగుతోంది. ఆమె భుజానికి వేలాడే పెట్టె చూసి అసిరమ్మ నవ్వింది.

"ఏటి పాపా ఆ పెట్టి? సూదిమందా?"

"టేపు రికార్డరు అత్తా. నువ్వు పాడితే ఇది దాచుకుంటుంది."

"దాసుకుని ఏటి సేస్తాది? దానికి మడా, మన్నా?"

అలా అంటూనే అరుగు మీద సర్దుకుని కూర్చుంది. కళ్ళు మూసుకుని పాడింది.

"వచ్చిందే, పారిందే, నావ రాలేదే..."

పాడి, ఆగింది. తల కొద్దిగా పక్కకి వాల్చి, దూరంగా ఎవరో చెబుతున్నది వింటున్నట్టు కూర్చుంది. మర్చిపోయిందేమో అనుకుని పద్మకుమారి మీట నొక్కి టేపు ఆపింది. ఆ పెట్టె, టేపు కాలేజీ వాళ్ళవి. ఒక్క చుట్టలోనే ఇంకెన్నో ఊళ్ళ పాటలు పట్టాలి. అసిరమ్మ పెదవులు కదలగానే మళ్ళీ తిప్పింది.

"తీసేనే, ఊడ్సేనే, తోడు రాలేదే..."

మళ్ళీ ఆగింది. మళ్ళీ టేపు ఆగింది. పాట అయ్యేదాకా అలాగే సాగింది.

ఆ పాటని వాల్తేరులో ఆమె పరిశోధన చూసే మేష్టారు రెండుసార్లు విన్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరికి జవాబు చెబుతోందమ్మా ఈవిడ? వచ్చిందే అంటోంది. ఏది వచ్చింది? ఎవరడిగారు?"

పద్మకుమారి తను రాసుకున్న కాగితాలు తిరగేస్తుంటే మేష్టారే మళ్ళీ అన్నారు.

"పాట తెచ్చుకోవడం కాదు. పాట ఎలా ఉందో అలా తెచ్చుకోవాలి. ఇందులో ఏదో జారిపోయింది. అది దొరక్కపోతే దీని మీద నువ్వేం రాసినా గాలిలో రాసినట్టే. మళ్ళీ వెళ్ళు."

మళ్ళీ వచ్చింది. అదే అరుగు మీద పెట్టె పెట్టి, అసిరమ్మ పాట అసిరమ్మకే వినిపించింది. తన గొంతు తన ఎదురుగా పలకగానే అసిరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. సిగ్గుపడింది, నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు మొహంలోంచి దిగిపోయింది.

"పాపా, నా నేస్తాన్ని తీసీసినావేటి?"

"ఎవర్ని అత్తా?"

"అది ఎత్తినంతసేపూ నానూరుకున్నాను గదా. ఆ ఊరుకున్నదంతా ఏది? నా మాటలన్నీ ఒకదాని మీదొకటి తోసీసినావు. దానికి కాలెట్టుకోడానికి సోటేది?"

పద్మకుమారికి అప్పుడు తెలిసింది. మీట నొక్కిన ప్రతిసారీ తనేం పారేసిందో తెలిసింది. మెల్లగా అంది, "పోనీ ఆవిడ మాటలు కూడా నువ్వే చెప్పేయరాదూ? ఇన్నేళ్ళూ విన్నావు కదా."

"ఇన్నాను. ఇంటే నావయిపోతాయేటి? నానెత్తకూడదమ్మా. ఎత్తే నేస్తం నెల్లిమర్లలో ఉన్నాది."

"అయితే ఆవిడ దగ్గరికే వెళ్దాం. ఇద్దరూ కలిసి పాడాలి. నువ్వు రాకపోతే నా పని అవదు అత్తా."

చేటలో ఉలవలు చెరుగుతున్న అసిరమ్మ చేతులు ఆగాయి.

"పని" అంది. చేట పక్కన పెట్టి లేచింది.

సాయంత్రం మొగుడు సోములు పశువుల్ని కట్టి వచ్చి, ఇంట్లో మూట కడుతున్న పెళ్ళాన్ని చూశాడు.

"నెల్లిమర్లలో నీకేటే? పెళ్ళా, పేరంటమా?"

"కాలేజీ పని మావా. నాను లేకపోతే అవదట."

"ఓలమ్మో, కాలేజీ! రేపొచ్చి నాకు పాఠం సెప్తావేటి?"

"నీకెక్కదులే."

సోములు నవ్వాడు. మూటలో ఏం పెట్టావని అడగలేదు. కొత్త చింతపండు, ఉలవలు, ఉతికి మడతపెట్టిన ఒక నేతచీర. ఆ చీర ఎన్నాళ్ళ కిందట కొని దాచిందో అసిరమ్మే చెప్పాలి.

బండిలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చీపురుపల్లి దాటాక చీరకుచ్చెళ్ళు సర్దుకుంది, జుట్టు ముడి విప్పి మళ్ళీ వేసుకుంది. పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టుంది ఆమె వాలకం. "నన్ను గురుతుపడతాదంటావా పాపా?" అని ఒకసారి అడిగింది. జవాబు వినకుండానే మళ్ళీ బయటికి చూసింది.

నెల్లిమర్లలో మిల్లు వాళ్ళు ఉండే ఇళ్ళ వరసలో, గుమ్మం ముందు సిమెంటు గచ్చు మీద ఒక ముసలామె గోనెసంచి ఒళ్ళో వేసుకుని దబ్బనంతో కుడుతోంది. వీపు ఇటువైపు ఉంది. అసిరమ్మ ఆ వీపుని గుర్తుపట్టింది. మడిలో అన్నేళ్ళు పక్కన వంగిన వీపు.

"నేస్తం!"

ఆమె తిరగలేదు.

"నేస్తం!"

దబ్బనం దారం లాగుతూనే ఉంది. పక్కింటి గుమ్మంలోంచి లక్ష్మణమ్మ అనే ఆమె తొంగిచూసింది. "అరిసినా ఇనపడదమ్మా. సన్నిపాత జొరం వొచ్చి సెవులు పోనాయి. ఎదరకెల్లి నిలబడు."

అసిరమ్మ మూట అక్కడే వదిలేసి ఎదరకి వెళ్ళి నిలబడింది. కూర్మమ్మ తలెత్తింది. దబ్బనం గోనెలోనే ఉండిపోయింది.

"వొచ్చినావా?" అంది కూర్మమ్మ. ఆ గొంతు తన ఎత్తు తనకు తెలియక కాస్త పైనుంచి పలికింది. "ఇన్నాళ్ళకా? దారి తప్పిపోనావేటి నేస్తం?"

"పని మీద వొచ్చినాను."

"ఏటి?"

"పని మీద..." అని అసిరమ్మ ఆగింది. కూర్మమ్మ ఆమె పెదవుల వైపే చూస్తోంది. అర్థం కాలేదని ఆ చూపులోనే తెలుస్తోంది. అసిరమ్మ కూర్చుని ఆమె చేతులు పట్టుకుంది. "నీ మీద బెంగతో వొచ్చినాను నేస్తం" అంది.

"ఏటి?"

అసిరమ్మ నవ్వి తలూపింది.

పద్మకుమారి పెట్టె తెరిచి గచ్చు మీద పెట్టింది కానీ ఆమెకు ధైర్యం లేదు. అందుకునే గొంతు వినపడని మనిషి, తర్వాతి మాట ఎప్పుడెత్తాలో ఎలా తెలుసుకుంటుంది? అసిరమ్మ పెట్టెని చూపించి, పాడదామని సైగ చేసింది. అనుకున్నట్టే అయింది. కూర్చుని పాడుతుంటే కూర్మమ్మ మాట అసిరమ్మ మాట మీద పడింది. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ పడింది. అసిరమ్మ మొహం చిన్నబోయింది. కూర్మమ్మ చూసింది.

"కూకుని పాడితే ఇది పాటేటి? లెగు నేస్తం."

లేచి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, నడుం వంచింది. పక్కనే అసిరమ్మ వంగింది. ఎడమ చేతిలో లేని నారాకు కట్ట, కుడి చేతిలో లేని మొక్క. లక్ష్మణమ్మ పకపకా నవ్వింది.

"ఒసే కూర్మమ్మా, సిమెంటు మీద ఉభాలేటే? పంట కోతకి మమ్మల్ని పిలుస్తావా?"

కూర్మమ్మకి అదీ వినపడలేదు. ఎత్తింది.

"వాన వచ్చిందా వదినా, వాగు పారిందా?"

"వచ్చిందే, పారిందే, నావ రాలేదే."

ఆ చివరి మాట మీద అసిరమ్మ కుడిచెయ్యి గచ్చుని తాకింది. మొక్క దిగింది. ఓరకంట ఆ చేతినే చూస్తున్న కూర్మమ్మ ఒక అడుగు వెనక్కి వేసి ఎత్తుకుంది.

"ఆకు తీసేవా వదినా, మడిలో ఊడ్సేవా?"

"తీసేనే, ఊడ్సేనే, తోడు రాలేదే."

"పొద్దు వాలిందా వదినా, దీపమెట్టేవా?"

"వాలిందే, ఎట్టేనే, నీడ రాలేదే."

చెయ్యి దిగినప్పుడల్లా మాట లేచింది. ఇద్దరు ముసలాళ్ళు ఆ ఎండ గచ్చు మీద అడుగులో అడుగు వెనక్కి వేసుకుంటూ గోడదాకా వెళ్ళారు. వాళ్ళ ముందు ఒక్క మొక్కా లేని నేల పచ్చగా ఉన్నట్టు తోచింది. లక్ష్మణమ్మ నవ్వడం మానేసింది. పద్మకుమారి వేలు మీట మీదికి పోలేదు.

గోడకు చేరగిలబడి ఊపిరి తీసుకుంటూ కూర్మమ్మ అడిగింది. "నీ గొంతు అలగే ఉన్నాదా నేస్తం?"

అసిరమ్మ గొంతు ఎప్పుడో బొంగురుపోయింది. అలాగే ఉందని తలూపింది. కూర్మమ్మ తృప్తిగా కళ్ళు మూసుకుంది. తర్వాత ఇద్దరూ ఒకే పళ్ళెంలో తిన్నారు. మాట్లాడినదంతా కూర్మమ్మే. అసిరమ్మ ఆమె జుట్టు దువ్వి ముడివేసింది, మూటలోని చీర ఆమె ఒళ్ళో పెట్టింది.

సాయంత్రం తిరుగు బండిలో పద్మకుమారి సంతోషం పట్టలేకపోయింది. "అంతా సరిగ్గా వచ్చింది అత్తా. ఒక్క మాట పోలేదు. మేష్టారు ఇంక వంక పెట్టలేరు. నిన్ను మళ్ళీ ఇంత దూరం తిప్పక్కర్లేదు."

"అక్కర్లేదా?" అంది అసిరమ్మ.

"అక్కర్లేదు."

అసిరమ్మ కిటికీ వైపు తిరిగింది. పొలాల మీద వెలుగు పలచబడుతోంది. సిగడాం పోయింది, పొందూరు పోయింది. బండి దూసి దాటి నాగావళి వంతెన మీద మోగుతూ పోతుంటే, కింద ఇసుకలో సన్నగా పారే నీటిని చూస్తూ అంది.

"పాపా, ఒక సరణం మరిసిపోనాం."

పద్మకుమారి ఉలిక్కిపడి సంచీలోంచి కలం తీసింది. "అయ్యో, పాటలోదేనా? ఎలా వస్తుంది అత్తా? చెప్పు, రాసుకుంటాను."

"నాకేటి తెల్సు?" అంది అసిరమ్మ. "అది ఎత్తాలి గదా."