రంగులు కొట్టని రాయి

అనంతపురంలో ఒక నగల దుకాణంలో వజ్రాల కౌంటర్ నాది. వచ్చినవాళ్లంతా ఉంగరాన్ని లైటు కిందికి తోసి, అటూ ఇటూ తిప్పి, ఎరుపు, నీలం, పచ్చ మెరుపులు ఎన్ని వస్తున్నాయో చూస్తారు. ఎంత ఎక్కువ రంగులు కొడితే అంత అసలుదని వాళ్ల నమ్మకం. కాదండీ, ఆ రంగులు సానబట్టిన కోణాల వల్ల వస్తాయి, లోపలికి పోయిన తెల్లటి వెలుతురు విడిపోయి బయటికొస్తుంది, మరీ విరగబడి రంగులు కొట్టేదాన్నే ముందు అనుమానించాలి, నకిలీ రాళ్లు కొన్ని వజ్రం కంటే ఎక్కువ రంగులు చూపిస్తాయి అంటాను. వాళ్లు నన్ను దొంగను చూసినట్టు చూస్తారు. "పక్క షాపులో ఇంకా బాగా మెరిసిందమ్మా" అంటారు. ఒళ్లు మండిపోతుంది. అయినా నవ్వుతూ నిలబడాలి, జీతమిచ్చేది అందుకే.

ఈ మంట ఇంటి దగ్గర మొదలైంది.

మాది వజ్రకరూరు వైపు పల్లె. తొలకరి వాన పడి చేలు కడిగినట్టయితే, మావైపు జనం సద్ది కట్టుకొని, తలలు వంచుకొని వజ్రపు రాళ్ల కోసం వెతుకుతారు. ఎవరికో ఎప్పుడో దొరికిందని విని అందరూ తిరుగుతారు. నా చిన్నప్పుడు ఒక ఏడాది మా బోరు ఎండిపోయింది. శనక్కాయ ఊడలు దిగే వేళకే మాడిపోయింది. బెంగుళూరులో కట్టడాల పనికి పోదామని నాయన తేల్చేశాడు. అమ్మకు ఆ మాటంటేనే వణుకు. "ఒక్క రాయి దొరికితే సాలు. ఇంకో బోరు ఏపిచ్చుకుందాం. ఈ సేను ఇడిసిపెట్టి యాడికీ పోయే పన్లేదు" అని రోజూ పొద్దున్నే మా చేనికే పోయేది.

దొరికింది. శనగగింజంత రాయి. నూనె చేత్తో పట్టుకున్న పటికబెల్లం ముక్కలా మసగ్గా, జిడ్డుగా ఉంది. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి, నోటితో ఊది, "సూడు పాపా, ఆవిరి నిలబడకుండా పోతాండాది" అని నాకు చూపించింది. ఆమె మొహం అంత వెలిగిపోగా నేనెప్పుడూ చూడలేదు.

నాయన దాన్ని ఎండలో పెట్టి తిప్పాడు. "రంగులేవీ? వజ్రమంటే రంగులు కొట్టల్ల గదా. ఇది గాజుపెంకు."

"రాళ్లు కొనే సేటు రేపు వస్తాడంట. ఆయప్పకు సూపిద్దాం" అంది అమ్మ.

"గాజుపెంకు సేటుకు సూపిస్తే నలుగురూ నవ్వరా? ముందు పరీచ్చ సేయల్ల."

మా ఊరి పరీక్ష ఒక్కటే. కమ్మరి కొలిమి దగ్గర ఇనుప దాగలి ఉంది. దాని మీద రాయి పెట్టి సుత్తితో కొట్టాలి. అసలుదైతే పగలదు, ఇనుములోకే దిగుతుంది. ఈ మాట అందరికీ తెలుసు. ఒక్కరైనా అలా దిగిన రాయిని కళ్లారా చూడలేదు. అది మాత్రం ఎవరూ అడగరు.

జనం మూగారు. నాయన రాయిని దాగలి మీద పెట్టాడు. అమ్మ ఉరికి వచ్చి దాని మీద అరచెయ్యి పరిచింది. "కొట్టొద్దు. నీ కాళ్లు మొక్కుతా. రేపటిదాంకా ఓర్సుకో" అని ఊరంతా వినేటట్టు అరిచింది. నాయన ఆ చెయ్యి విసిరికొట్టి సుత్తి ఎత్తాడు.

రాయి ముక్కలైపోయింది.

"గాజుపెంకేనప్పా!" అని ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నాయన కూడా నవ్వాడు. అమ్మ దుమ్ములో చేతులు పెట్టి వెతుకుతూ ఉండిపోయింది. ఆ వారమే బెంగుళూరు బస్సెక్కాం. ఆమె నెత్తిన ఇసుక తట్టలు మోసింది, ఇటుకలు మోసింది. ఇంట్లో ఏ చిన్న గొడవ వచ్చినా, కూర ఉప్పెక్కినా, నాయన నోట ఒకటే మాట: "గాజుపెంకుల దొరసాని!" చుట్టాలు కూడా అందుకున్నారు. చివరికి పల్లెకు తిరిగొచ్చినా ఆ పేరు పోలేదు.

నాకు ఈ ఉద్యోగం వచ్చాక ఒకరోజు అమ్మ నా చేతిలో చిన్న గుడ్డ మూట పెట్టింది. లోపల నూకంత ముక్క. ఆనాడు దుమ్ములో దొరికిందట. "ఒకసారి సూపీ పాపా" అంది.

మా షాపులో రాళ్లు పరీక్షించేవారికి ఇచ్చాను. రెండు పరికరాలు పెట్టి చూసి, భూతద్దంలో చూసి, అసలు వజ్రమే అన్నారు. సానబట్టని రాయి మెరవదని, వజ్రాన్ని మరో వజ్రంతో తప్ప దేనితోనూ గీయలేం గానీ సుత్తితో కొడితే కట్టె చీలినట్టు చీలిపోతుందని, ఇదీ అట్లాగే చీలిందని చెప్పారు. "ఎవరు పగలగొట్టారు?" అని అడిగారు. నేను ముక్కను మళ్లీ గుడ్డలో మూటకట్టుకున్నాను.

ఆదివారం ఊరికి పోయాను. నాయన మంచం మీద ఉన్నాడు. అమ్మ వినేటట్టు, ఒక్కో మాటా నిలిపి చెప్పాను. ఆయన ఆ ముక్కను అరచేతిలో పెట్టుకొని చాలాసేపు చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఏడవాలనే కోరుకున్నాను.

"మీయమ్మ ఆ పొద్దు గట్టిగా సెప్పింటే నేను కొట్టుందునా?" అన్నాడు.

గడప దగ్గర కూర్చున్న అమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"పాపా, నీ రూములో ఇంకో మనిషికి సోటుంటాదా?"

"ఉంటాదమ్మా" అన్నాను.

నాయన గాభరాగా లేచి కూర్చున్నాడు. "ఏమ్మే, మరి నాకు సంగటి ఎవురు కెలుకుతారు?"

అమ్మ అప్పటికే లోపల చీరలు మడతపెడుతోంది.