పడమటికి వాలుతూ వెలిగిన నక్షత్రం

2023 మార్చి. బెంగళూరులో ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. కె.ఆర్.పురం దాటి ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద ఇంకా ముందుకు వెళ్తే మా కంట్రోల్ రూమ్ ఉండేది. టెలిస్కోప్ మాత్రం అక్కడ లేదు. అది ఉత్తరాన మంచుకొండల మధ్య, ఊపిరి సరిగ్గా ఆడనంత ఎత్తులో ఉంది. మేము ఇక్కడ కుర్చీల్లో కూర్చుని శాటిలైట్ లింకు మీద దాన్ని తిప్పేవాళ్ళం. ఆ గదికి నేను ఇన్‌ఛార్జిని. మొన్న గువాహటి నుంచి ఫోన్ చేసినప్పుడు, "కుర్చీలో కూర్చునే ఉద్యోగంలో భయం ఏముంటుంది అమ్మమ్మా?" అని మీరిద్దరూ నవ్వారు కదా. ఆ వారం సంగతి చెబుతాను, వినండి.

నాగవేణి అని ఒక పీహెచ్‌డీ అమ్మాయి మా దగ్గర పని చేసేది. వాళ్ళది చందాపుర. తరతరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగువాళ్ళు. తండ్రి బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టులకు వెళ్ళేవాడు. ఈ పిల్ల ఐదేళ్ళుగా ఒకే ఒక్క నక్షత్రం వెంట పడింది.

ఆ నక్షత్రం మన గెలాక్సీలోది కాదు, పక్క గెలాక్సీలోది. అక్కడ బయలుదేరిన వెలుగు మన దాకా రావడానికి దాదాపు ఇరవై ఏడు లక్షల ఏళ్ళు పడుతుంది. అంత దూరం నుంచి కూడా విడిగా కనబడుతోందంటే, సూర్యుడిలాంటివి ఓ పది లక్షలు ఒకచోట పోగేసినట్టు అనుకోండి. వీటిని లూమినస్ బ్లూ వేరియబుల్ అంటారు. మహా వెలుగు, నీలి రంగు, నిలకడ లేని స్వభావం. తన వెలుగు ఒత్తిడికి తానే తట్టుకోలేక ఒంటి మీది పొరల్ని అప్పుడప్పుడూ విసిరేస్తుంది. ఏళ్ళ తరబడి ఊరికే ఉంటుంది. ఎప్పుడు రెచ్చిపోతుందో ఎవరూ చెప్పలేరు.

ఒక మధ్యాహ్నం నాగవేణి లాప్‌టాప్ పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"మేడమ్, స్వల్ప ఇది చూడండి. మూడు వారాల నుంచి వెలుగు ఎక్కతానే ఉండాది."

గ్రాఫులో చుక్కలు మెట్లలాగా పైకి పోతున్నాయి.

"రంగు?" అన్నాను.

"రంగు మారలేదు మేడమ్. అట్లే నీలంగా ఉండాది. దానికే నాకు గాబరా."

నాకూ గాబరా మొదలైంది. ఎందుకో చెబుతాను. మామూలుగా ఈ జాతి నక్షత్రం కంటికి ఎక్కువ వెలిగిందంటే, అది ఉబ్బి, పైపొర చల్లబడి, పసుపు వైపు తిరుగుతుంది. కంటికి కనబడని వెలుగు కనబడేదిగా మారుతుంది తప్ప, మొత్తం వెలుగు పెద్దగా మారదు. నీలంగా ఉంటూనే వెలుగు పెరిగిందంటే, లోపల నిజంగానే ఏదో పెద్దది మొదలైందన్నమాట. అలాంటిది చూసినవాళ్ళు చాలా అరుదు. అది కాకపోతే మన కొలతలో తప్పుంది.

తీరిగ్గా చూసుకుందామంటే వ్యవధి లేదు. రోజురోజుకీ చీకటి పడేసరికి ఆ గెలాక్సీ పడమటికి ఇంకాస్త వాలిపోతోంది. ఇంకొన్ని సాయంత్రాలైతే సూర్యుడి వెలుగులో మునుగుతుంది. మళ్ళీ తెల్లవారుజామున తూర్పున తేలేసరికి ఎండాకాలం అయిపోతుంది.

నాగవేణి అప్పటికే అలర్ట్ రాసి పెట్టుకుంది. ఆ కబురు వెళ్తే ప్రపంచంలో పెద్ద పెద్ద టెలిస్కోపులు చేస్తున్న పని ఆపి ఇటు తిరుగుతాయి. ఆమె గైడ్ ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నారు. నేను సరేనంటే తప్ప అది మా గది దాటదు. పంపాక తప్పని తేలితే, చదువు చివరి ఏడాదిలో ఆ పిల్ల పేరు పోతుంది. పంపకుండా కూర్చుంటే, నిజంగా పేలిన నక్షత్రాన్ని నా చేతులతో నేనే మూసిపెట్టినట్టు.

"ఇంకెవరన్నా ముందే చెప్పేస్తే ఎట్లా మేడమ్? మా నాయన రోజూ అడగతాడు, ఆ చుక్క నీకు పనెప్పుడు ఇప్పిస్తాదే అని."

"రేపు మధ్యాహ్నం దాకా ఆగు," అన్నాను.

మా గదిలో ఒక పద్ధతి ఉండేది. కనిపెట్టిన మనిషి రెండోసారి కొలవకూడదు. ఇంకొకరు కొలవాలి, అదీ టెలిస్కోప్ తీసిన ఏ బొమ్మ ఏ రోజుదో తెలియకుండా. తారీఖులు తీసేసి, వరస తారుమారు చేసి బొమ్మలు ఇమ్మన్నాను. ఆమె మొహం చిన్నబోయింది.

"నా మీద నమ్మకం లేదా మేడమ్?"

"నా మీద కూడా లేదమ్మా. అది పేలితే బాగుండునని నాకూ ఉంది."

నక్షత్రం వెలుగు కొలవడమంటే, బొమ్మలో దాని చుట్టూ ఒక వలయం గీసి, అందులో పడిన వెలుగును లెక్కకట్టి, మార్పు లేని వేరే నక్షత్రాలతో పోల్చడం. ఆ వలయాన్ని అపెర్చర్ అంటాం. నక్షత్రం కిందికి వాలేకొద్దీ దాని వెలుగు మందమైన గాలిలోంచి రావాలి, అందుకని బొమ్మ చెదిరి లావవుతుంది. చెదిరినకొద్దీ వలయాన్ని పెంచేలా నాగవేణి ప్రోగ్రామ్ రాసుకుంది. అది అందరూ చేసేదే. కానీ మన నక్షత్రం ఇరుకు పేటలో ఉంది. చుట్టూ దానిలాంటి నీలి నక్షత్రాలే. పోల్చడానికి పెట్టుకున్నవేమో ఒంటరిగా ఉన్నాయి. వలయం పెరిగితే మనదాని లెక్కలోకి పక్కవాటి వెలుగు వచ్చి పడుతుంది, వాటి లెక్కలోకి ఏమీ రాదు. పక్కవీ నీలమే కాబట్టి రంగూ మారదు.

నేను అన్ని బొమ్మల్లోనూ ఒకే చిన్న వలయం గీశాను. మర్నాడు ఉదయం తారీఖులు కలిపి చూస్తే మెట్లన్నీ కూలిపోయాయి. రెండు చుక్కలు మాత్రం ఇంకా కాస్త పైనే ఉన్నాయి. అవి చివరి రెండు సాయంత్రాలవి. ఆ బొమ్మలు మరీ చెదిరిపోయి ఉన్నాయి, నా చిన్న వలయంలోకీ పక్కవి చొరబడి ఉండవచ్చు. లేదంటే నక్షత్రం ఇప్పుడే మొదలుపెట్టింది.

"ఇప్పుడేం చేసేది మేడమ్?" అంది నాగవేణి.

ఇంకో మంచి బొమ్మ కావాలి. ఆ సాయంత్రం టెలిస్కోప్ వంతు హైదరాబాద్ ప్రొఫెసర్ ఒకాయనది. ఫోన్ చేశాను.

"సార్, నాగవేణి నక్షత్రం కోసం చీకటి పడగానే కొంచెంసేపు మాకు ఇస్తారా?"

"నేను చూసేది కూడా పడమటి దిక్కే కదమ్మా. ఏంది, పేలిందా?"

"తెలియదు సార్. తెలియకే అడుగుతున్నా."

"పేలిందని చెప్పి ఉంటే ఇచ్చేవాణ్ణి కాదు. పది నిమిషాలు తీసుకోండి."

పూర్తి చీకటి కోసం ఆగకుండా, ఆకాశంలో వెలుగు ఇంకా మిగిలి ఉండగానే మొదలుపెట్టాం, నక్షత్రం వీలైనంత ఎత్తులో ఉండాలని. కొండ మీది గాలి వేగం స్క్రీన్ మీద పెరుగుతోంది. హద్దు దాటితే టెలిస్కోప్ మీది డోమ్ మూసేయాలి. మొదటి బొమ్మ చెదిరిపోయింది. రెండోదీ అంతే. నాగవేణి గోళ్ళు కొరుక్కుంటోంది. మూడో బొమ్మ స్క్రీన్ మీదికి గీత తర్వాత గీతగా దిగింది. నక్షత్రాలు సూదిమొనల్లాగా ఉన్నాయి. మనదీ దాని పక్కవీ విడివిడిగా కనిపించాయి.

కొలిచాను. ఐదేళ్ళుగా ఎంత ఉందో అంతే.

"ఏమీ కాలే," అంది నాగవేణి. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది.

లైన్లో ఉన్న ప్రొఫెసర్, "ఏమైందమ్మా?" అన్నాడు. నేను చెప్పబోతుంటే ఆ పిల్లే మైకు దగ్గరికి జరిగింది.

"ఏమీ కాలేదు సార్. నక్షత్రం అట్లే ఉండాది. నా వలయమే పెద్దదైంది."

"మంచిది. ఇగ జరగండి, నా గెలాక్సీ మునిగిపోతోంది."

అలర్ట్ తీసేసింది. ఐదేళ్ళ బొమ్మలన్నీ మళ్ళీ మొదటినుంచి కొలిచింది. థీసిస్ ఆలస్యమైంది, అయినా నిలబడింది. ఎండాకాలం పోయి ఆ గెలాక్సీ మళ్ళీ తూర్పున తేలాక, మొదటి బొమ్మ వచ్చిన రోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"ఎట్లుండాది మేడమ్?"

"అట్లాగే ఉంది."

"ఉండనీలే మేడమ్," అంది, చిన్నపిల్లకి జ్వరం తగ్గిందని విన్నట్టు.

అది ఎప్పుడో ఒకప్పుడు పేలుతుంది పిల్లలూ, నా భయం పూర్తిగా పోలేదు. రిటైరయ్యాక కూడా సాయంత్రం పడమటి వైపు చూస్తే లోపల ఏదో కలుక్కుమంటుంది. కానీ ఒకటి నేర్చుకున్నాను. ఏదైనా రోజురోజుకీ పెరిగిపోతోందని కంగారు పుట్టినప్పుడు, పెరుగుతున్నది అదేనా, దాని చుట్టూ నేను గీసిన గీతా అని ముందు చూసుకుంటాను. అప్పటికీ తేలకపోతే, తెలియదని చెప్పి ఎవరినైనా పది నిమిషాలు అడుగుతాను. మీకూ అలాంటి సాయంత్రం వస్తే నాకు ఫోన్ చేయండి. తేలేదాకా లైన్లోనే ఉంటాను.