పన్నెండో ఎక్కం వరకే

మొన్నటిదాకా నాకు పన్నెండు ఎక్కాలే వచ్చు. యాభై దాటి, పామిడిలో బట్టల అంగడి నడిపే మనిషి చెప్పుకోవాల్సిన మాట కాదు గానీ, నిజం.

ఆ పన్నెండైనా కూర్చుని నేర్చినవి కావు. బడిలో పలక ముందు కూర్చుంటే రెండో ఎక్కం కూడా నోట్లోనే నీరుగారిపోయేది. మా మిద్దె మీద, అంగట్లోంచి ఎత్తుకొచ్చిన దర్జీ సుద్దతో ఎనిమిది గళ్లు గీసి, తొక్కుడుబిళ్ల ఆడుతూ నేర్చుకున్నాను. ఒంటికాలి మీద గెంతుతూ, ఒక్కో గడిలో ఒక్కో మాట: ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ల పద్నాలుగు. కాలు నేలకు తగిలేసరికి అంకె దానంతటదే నోటికి వచ్చేది. అంకె తప్పినా ఔటే, గీత తొక్కినా ఔటే. ఈ చట్టం పక్కింటి పిల్లది. నాతో ఆడేది అదొక్కతే.

గీత తొక్కినప్పుడల్లా నేను బేరానికి దిగేదాన్ని.

"తగిలింది గోరేనే. గోరు కాలెట్లయితాది?"

"గోరు నీది కాకపోతే మీ నాయనదా? ఔట్, పోవే!"

పదమూడో ఎక్కం మొదలుపెట్టాల్సిన వారంలో నేను పెద్దమనిషినయ్యాను. మూలన చాప వేసి కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించారు. ఆ రోజులు అయిపోయి, తలస్నానం చేసి మిద్దె మెట్ల వైపు నడుస్తుంటే అమ్మ చెయ్యి పట్టుకుంది.

"యాడికే? ఇంక ఎగిరేది దూకేది లేదు."

"ఎనిమిది గళ్లు వద్దులేమ్మా, నాలుగే ఆడతా."

"ఒక్కటీ లేదు."

"అట్లయితే దూకను. నడుస్తా."

"బేరాలు అంగట్లో ఆడు. అంగట్లో కూర్చునేటోళ్లకు కాళ్లతో పనేముండాది?"

మావాళ్లలో కూర్చోవడమే గౌరవం. తానులు మోసేవాళ్లు నిలబడతారు, అమ్మేవాళ్లు కూర్చుంటారు. నన్నూ అంగట్లో అవ్వ పక్కన పరుపు మీద కూర్చోబెట్టారు. వెనక సందులో ఆ పిల్ల ఒక్కతే ఆడుకోవడం వినిపించేది. పదమూడు ఒకట్ల పదమూడు, ధబ్. పదమూడు రెళ్ల ఇరవై ఆరు, ధబ్. నేను కాలి బొటనవేలు మాత్రం ఆడిస్తూ లోలోపల చెప్పుకునేదాన్ని. సాయంత్రానికి ఒక్క అంకె మిగిలేది కాదు. ఒకరోజు ఐదో గడి దాకా విని, ఆరోదాని కోసం చెవి పెట్టి ఉండగా, "లోపలికి రాయే" అని వాళ్లమ్మ గొంతు వినిపించింది. మర్నాడు సందులో చప్పుడు లేదు. దాన్నీ మూల కూర్చోబెట్టారని అవ్వ సంతోషంగా చెప్పింది. ఆ ఏడే వాళ్లు ఊరు విడిచి వెళ్లిపోయారు.

నేను ఆ పరుపు మీదే ఉండిపోయాను. అవ్వ, అమ్మ, నాయన, ఇల్లరికం వచ్చిన మా ఆయన, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు కొనేవాళ్లు కూడా ఫోన్లోనే చీర చూసి పంపమంటారు. రోజంతా నాతో ఎదురుబదురు మాట్లాడేవి నా మోకాళ్లే. అవి వాచి మరీ మాట్లాడుతుంటే అనంతపురంలో డాక్టరుకు చూపించాను.

"రోజూ నలభై నిమిషాలు నడవాలమ్మా."

"ఇరవైకి ఖాయం చేసుకోండి సార్."

"మోకాళ్లు నావా తల్లీ? ఇట్లనే కూర్చుంటే ఇంకో ఏడాదికి మీ మిద్దె మెట్లు ఎక్కలేవు."

మిద్దె అనేసరికి బేరం ఆపి చీటీ తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గోడ పట్టుకుని ఎక్కాను. గళ్లు గీశాను. ఒంటికాలు మాట దేవుడెరుగు. దూకను, నడుస్తా: అమ్మ ఒప్పుకోని బేరానికి మోకాళ్లు ఒప్పుకున్నాయి. రోజుకొక గడి చొప్పున అంకె కూడబెట్టుకుంటూ పోయాను. ఆరో రోజు ఆరో గడిలో అడుగు పడగానే డెబ్బై ఎనిమిది అని గట్టిగా అరిచాను. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను.

ఎనిమిదో గడిలో నూట నాలుగు చెప్పి కిందికి చూస్తే, మడమ గీత మీద ఉంది.

చూసినవాళ్లు లేరు. మడమ కాలు కాదని వాదించడానికైనా ఎదుట ఒక మనిషి ఉండాలి. కాసేపు వెనక సందులోకి చూశాను. తర్వాత "ఔట్, పోవే" అని నాకు నేనే చెప్పుకుని, మొదటి గడిలోకి వచ్చి నిలబడ్డాను.